లినక్స్ సరే... ఏ లినక్స్?

కంప్యూటర్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎవరో ఒకరు లినక్స్ వేసిచ్చేస్తారు, పని అయిపోతుంది. చిక్కంతా బాగా తెలిసినవాళ్లకే. వందల లినక్స్ రకాలు (డిస్ట్రోలు), ఒక్కోదానికీ ఒక్కో అభిమాన సంఘం. ఆ హడావిడిలో పడకుండా మన పనికి నప్పేదాన్ని తేల్చుకోవడం ఎలా?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఇంటి కంప్యూటర్లకు షరతుల మీద ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది కానీ, అదీ 2026 అక్టోబరు దాకే. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి పైదై ఉండాలి. 2016లోనో 2017లోనో కొన్న ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీ వేయించుకుని, ర్యామ్ పెంచుకుని నిక్షేపంగా నడుస్తున్నా సరే, దాన్ని లోపలికి రానివ్వరు. పోనీ కొత్తది కొందామా అంటే, ఉన్నదానికి ఏమొచ్చిందని? లినక్స్ ఆలోచన చాలామందికి అక్కడే మొదలవుతుంది.

ఆ వెంటనే ఏ లినక్స్ అన్న ప్రశ్న. నలుగుర్ని అడిగితే నాలుగు పేర్లు చెబుతారు. ‘ఉబుంటు వేసుకో, గొడవ ఉండదు’ అని ఒకరు. ‘ఉబుంటు ఏంటి, మింట్ వేసుకో’ అని ఇంకొకరు. ‘ఆర్చ్ చేత్తో ఇన్‌స్టాల్ చేస్తేనే లినక్స్ వచ్చినట్టు’ అని కుర్రాళ్లు. ‘డెబియన్ తప్ప ఏదీ ముట్టుకోను’ అని పాతకాపులు.

ఈ నాలుగు మాటల మధ్య ఎక్కువగా నలిగేది కంప్యూటర్ తెలియనివాళ్లు కాదు. అమీర్‌పేటలో రెడ్ హ్యాట్ కోచింగ్ తీసుకుని, పగలంతా గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని ఎక్కడో ఉన్న లినక్స్ సర్వర్లలోకి లాగినై పనిచేసి, ఇంటికొచ్చి విండోస్ ల్యాప్‌టాప్ తెరిచే ఇంజినీర్లు. పార్టిషన్ అంటే తెలుసు, టెర్మినల్ అంటే బెరుకు లేదు. ఏది వేసినా నడపగలరు. అందుకే ఏది వెయ్యాలో తేల్చుకోలేరు. ఒకటి వేసి, నెల తిరక్కుండా తీసేసి, ఇంకోటి వేసే అలవాటుకి ‘డిస్ట్రో హాపింగ్’ అని పేరు కూడా ఉంది.

ఈ తిరుగుడుకి మూలం ఒకటే. ఇన్‌స్టాల్ చేసిన రోజు చూసి డిస్ట్రోని ఎంచుకుంటాం. నిజానికి ఆ రోజు అన్నీ బాగానే ఉంటాయి. వాటి అసలు రంగు బయటపడేది అప్‌డేట్ వచ్చిన రోజున. ఏడాది తర్వాత ఒక మంగళవారం పొద్దున, మీటింగ్‌కి పది నిమిషాల ముందు, అప్‌డేట్ అయ్యాక మెషిన్ ఎలా లేస్తుంది? ఏ డిస్ట్రో గురించైనా అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

అసలు డిస్ట్రో చేసే పనేంటి?

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తను సరదాగా రాసుకుంటున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి తోటివాళ్లకు చెప్పాడు. అందులో ఉన్నది కెర్నల్. అంటే ప్రాసెసర్, మెమరీ, డిస్కుల్ని ఆడించే లోపలి భాగం. దాని మీద నడవాల్సిన కంపైలర్, షెల్ లాంటి సరంజామా చాలావరకు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చింది. ఈ ముక్కలన్నీ ఎవరికి వారు తెచ్చుకుని అతికించుకోవాల్సిన రోజులవి. 1993లో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్‌నీ, ఇయాన్ మర్డాక్ డెబియన్‌నీ మొదలుపెట్టారు. అన్నీ కూర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా చేసి, ఒక్క కట్టగా ఇవ్వడమే వాళ్లు చేసింది. ఆ రెండూ ఈనాటికీ నడుస్తున్నాయి.

కూర్చి ఇవ్వడంతో డిస్ట్రో పని అయిపోదు. ఎక్కడో ఒక లైబ్రరీలో భద్రతా లోపం బయటపడుతుంది. దాన్ని గమనించాలి, సరిచేసిన కోడ్ తేవాలి, తమ వెర్షన్‌కి సరిపోయేలా మార్చాలి, దాని మీద ఆధారపడ్డ మిగతా ప్రోగ్రాములు దెబ్బతినకుండా చూడాలి, లక్షల మెషిన్లకి పంపాలి. ఇది ఏడాది పొడుగునా ఆగకుండా సాగాలి. ఈ చాకిరీ చేసేవాళ్లని మెయింటెయినర్లు అంటారు. చీటీ కట్టేవాళ్లు ఎంత మొత్తం చీటీ అన్నదానికంటే ముందు నడిపేది ఎవరని అడుగుతారు. డిస్ట్రో విషయంలోనూ అడగాల్సింది అదే.

తెర అందం వేరు, డిస్ట్రో వేరు

యూట్యూబ్ సమీక్షల్లో ముప్పావు వంతు కనిపించేది డెస్క్‌టాప్. కింద వరుసలో ఐకాన్లు, కిటికీలు తెరుచుకునే తీరు, రంగులు. వాటిని తయారుచేసేది డిస్ట్రో కాదు. గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి డెస్క్‌టాప్‌లు విడి ప్రాజెక్టులు. ప్లాస్మా నచ్చితే అది ఫెడోరా మీదా దొరుకుతుంది, డెబియన్ మీదా దొరుకుతుంది, ఆర్చ్ మీదా దొరుకుతుంది. మింట్ బృందం తయారుచేసిన సినమన్ కూడా మిగతా డిస్ట్రోల్లో ఉంది. కాబట్టి తెర నచ్చి డిస్ట్రో మారడం దండగ పని. ఉన్నదాని మీదే ఇంకో డెస్క్‌టాప్ వేసుకుని, లాగినయ్యేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవచ్చు.

డిస్ట్రోవాచ్ ర్యాంకులు చూసి తేల్చుకునేవాళ్లూ ఉన్నారు. 2001 నుంచి నడుస్తున్న ఆ సైట్ డిస్ట్రోల సమాచారానికి మంచి చోటే. కానీ అక్కడి ర్యాంకు లెక్కించేది ఒక డిస్ట్రో పేజీని ఎందరు తెరిచి చూశారన్నది. ఎందరు వాడుతున్నారన్నది ఆ అంకెలో లేదు.

అర సెకను పట్టించిన దొంగ

అప్‌డేట్ల వేగం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇటీవలి కాలంలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్ అన్‌స్టేబుల్ మెషిన్ మీద డేటాబేస్ పరీక్షలు చేసుకుంటున్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి మామూలుకంటే సుమారు అర సెకను ఎక్కువ పడుతోంది, ప్రాసెసర్ మీద భారం పడుతోంది. ఇంకొకరైతే పట్టించుకునేవాళ్లు కాదు. ఆయన తవ్వుకుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీ దగ్గర తేలింది. దాని 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. దాని తాళంచెవి ఉన్నవాడికి ఎస్‌ఎస్‌హెచ్ తెరిచి ఉన్న మెషిన్‌లోకి పాస్‌వర్డ్ లేకుండా చొరబడే వీలుంటుంది. జియా టాన్ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టులో బుద్ధిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి ఈ పని చేశారు. ఆ పేరు వెనక ఎవరున్నారో తేలలేదు. మార్చి 29న ఫ్రాయిండ్ దీన్ని బయటపెట్టాడు.

ఇప్పుడు ఏ డిస్ట్రో ఎక్కడ నిలిచిందో చూడండి. డెబియన్ స్టేబుల్‌లో పాత ఎక్స్‌జెడ్ ఉంది, కాబట్టి దాన్ని తాకలేదు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌నీ తాకలేదు. డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ విభాగాల్లోకీ, ఫెడోరా తయారీదశ వెర్షన్లలోకీ, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్‌లోకీ దొంగ వెర్షన్ వచ్చేసింది. ఆర్చ్‌కీ వచ్చింది కానీ, అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ లైబ్రరీతో ముడిపడి ఉండదు. అందువల్ల ఆ దారి మూసుకుపోయింది. ఉబుంటు 24.04 అప్పటికింకా తయారీలో ఉండటంతో దాని బీటాని వారం వెనక్కి జరిపారు.

దీన్నిబట్టి కొత్తవి వెంటనే ఇచ్చే డిస్ట్రోలు పనికిరానివని తీర్మానించకండి. దొంగదారి దొరికింది కూడా అలాంటి మెషిన్ మీదే. ముందు వరసలో ఉన్నవాళ్లు దెబ్బలు కాస్తేనే వెనక వరసలో ఉన్నవాళ్లు క్షేమంగా ఉంటారు. మీ మెషిన్ ఏ వరసలో ఉండాలన్నది మీరు తేల్చుకోవాలి. అది తేలితే సగం డిస్ట్రోలు జాబితాలోంచి వాటంతటవే పోతాయి.

మూడు వేగాలు

అప్‌డేట్ల నడకనిబట్టి డిస్ట్రోలన్నీ ఇంచుమించు మూడు జట్లు.

మొదటిది నింపాది జట్టు. డెబియన్ స్టేబుల్ సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. 13వ వెర్షన్ ‘ట్రిక్సీ’ 2025 ఆగస్టులో వచ్చింది, అందులో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. వచ్చాక ప్రోగ్రాముల వెర్షన్లు అక్కడే ఆగుతాయి. భద్రతా సవరణలు, పెద్ద లోపాల మరమ్మతులు మాత్రం వస్తుంటాయి. పొడిగింపుతో కలిపి ఒక్కో వెర్షన్‌కి అయిదేళ్లు. ఉబుంటు ఎల్‌టీఎస్ రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, దానికీ అయిదేళ్లు. సొంత వాడకానికి అయిదు మెషిన్ల దాకా ఉబుంటు ప్రో ఉచితం, దాంతో పదేళ్లకు సాగుతుంది. మింట్ ఆ ఎల్‌టీఎస్ మీదే నిలబడింది. ఆల్మా, రాకీ, రెడ్ హ్యాట్‌లకైతే పదేళ్లు. ఇక్కడ అప్‌డేట్ రోజు చప్పగా గడుస్తుంది, దాని సుగుణం అదే.

రెండోది ఆరునెలల జట్టు. ఫెడోరా ఏడాదికి రెండుసార్లు వస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలల మద్దతు. అంటే కనీసం ఏడాదికోసారి పెద్ద అప్‌గ్రేడ్ తప్పదు. బదులుగా లినక్స్ లోకంలో రేపు రాబోయేది ఇక్కడ ఇవాళే వస్తుంది. వేలాండ్ డిస్‌ప్లే వ్యవస్థని 2016లో, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ని 2020లో, పైప్‌వైర్ సౌండ్ వ్యవస్థని 2021లో డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్ చేసి, చాలా డిస్ట్రోలకంటే ముందు నడిచింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకి దీంతో ఒక లాభం. కెర్నల్ ఎంత కొత్తదైతే కొత్త వైఫై చిప్పులు, గ్రాఫిక్స్ అంత సాఫీగా పలుకుతాయి.

మూడోది ఆగని జట్టు. ఆర్చ్, టంబుల్‌వీడ్, వాయిడ్ లాంటి రోలింగ్ డిస్ట్రోలు. వీటికి వెర్షన్ అంకె ఉండదు, ఎప్పుడు అప్‌డేట్ చేస్తే అప్పటిదే తాజా. 2002లో జడ్ వినెట్ మొదలుపెట్టిన ఆర్చ్‌కి ఇంత పేరు రావడానికి దాని వికీ సగం కారణం. డెబియన్ వాడేవాళ్లు కూడా చిక్కొస్తే తెరిచేది ఆర్చ్ వికీనే. అయితే ఇక్కడ బాధ్యత వాడేవాళ్లది. అప్‌డేట్ చేసే ముందు ఆర్చ్ వార్తల పేజీ చూడాలి. ఒక ప్యాకేజీ అప్‌డేట్ చేసి మిగతావి ఆపుతానంటే కుదరదు. 2022 ఆగస్టులో గ్రబ్ బూట్‌లోడర్ అప్‌డేట్ అయ్యాక ఆర్చ్, దాని పిల్ల డిస్ట్రోలు వాడే చాలామందికి మెషిన్ లేవలేదు. యూఎస్‌బీ పెట్టి బూట్ చేసి సరిచేసుకోవాల్సొచ్చింది. వాడుకరులే ప్యాకేజీలు పెట్టే ఏయూఆర్‌లో 2025 జులైలో బ్రౌజర్ పేర్లతో వైరస్ ప్యాకేజీలు దొరికితే తీసేశారు. అక్కడి ప్యాకేజీ ఏదైనా దాని స్క్రిప్ట్ చదివాకే వేసుకోవాలన్నది పాత సూత్రం. చదివే ఓపిక లేనివాళ్లు ఆ దారి తొక్కకపోవడం మేలు.

పాతబడటం అనే భయం

‘డెబియన్ బాగానే ఉంటుంది కానీ, అన్నీ పాతవి’ అన్నది ఏళ్లుగా వింటున్న ఫిర్యాదు. పదేళ్ల క్రితం అందులో నిజముంది. ఇప్పుడు దాని పదును తగ్గింది. ఫ్లాట్‌ప్యాక్ వచ్చాక యాప్‌లని డిస్ట్రోతో సంబంధం లేకుండా ఫ్లాట్‌హబ్ నుంచి తాజా వెర్షన్ తెచ్చుకోవచ్చు. కింద రెండేళ్లు కదలని పునాది, పైన నిన్న వచ్చిన గింప్. ప్రోగ్రామర్లకైతే డిస్ట్రోబాక్స్ ఉంది. డెబియన్ మీద కూర్చుని, కంటెయినర్‌లో ఆర్చ్‌నో ఫెడోరానో నడిపి, అందులోని కొత్త కంపైలర్ వాడుకోవచ్చు. పాడైతే కంటెయినర్‌ని తీసిపారేస్తే సరి, మెషిన్‌కి ఏమీ కాదు.

అనుభవం ఉన్నవాళ్లకి ఇదొక పెద్ద వెసులుబాటు. ప్రయోగాలు చేయాలన్న కోరికకీ, పొద్దున్నే మెషిన్ లేవాలన్న అవసరానికీ ఇదివరకు ఒక్క డిస్ట్రోయే సమాధానం చెప్పాల్సొచ్చేది. ఇప్పుడు ఆ రెంటినీ విడదీయొచ్చు.

నడిపేదెవరు?

2020 డిసెంబరు 8న సెంటాస్ వాడేవాళ్ల నెత్తిన పిడుగు పడింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కి ఉచిత నకలుగా ప్రపంచమంతా సర్వర్లలో వాడిన డిస్ట్రో అది. సెంటాస్ 8కి 2029 దాకా మద్దతు ఉంటుందని నమ్మి జనం సర్వర్లు మార్చుకున్నారు. 2021 చివరికే ఆపేస్తున్నామని ప్రకటన వచ్చింది. సెంటాస్ 2014లోనే రెడ్ హ్యాట్ చేతికి వెళ్లింది. ఆ రెడ్ హ్యాట్‌ని 2019లో 34 బిలియన్ డాలర్లకు ఐబీఎం కొనుక్కుంది. సెంటాస్ వదిలిన ఖాళీ నింపడానికే రాకీ, ఆల్మా పుట్టాయి. 2025 జులైలో ఇంటెల్ తన క్లియర్ లినక్స్‌ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. గడువేమీ లేదు, ఆ రోజు నుంచే అప్‌డేట్లు బంద్.

పెద్ద కంపెనీ వెనకుంటే భరోసా అనుకోవడానికి లేదన్నమాట. అలాగని ఇద్దరు ముగ్గురు ఉత్సాహవంతులు నడిపే డిస్ట్రో భద్రమా అంటే అదీ కాదు. ఆర్చ్‌ని తేలిగ్గా ఇన్‌స్టాల్ చేసిపెట్టే ఆంటెర్‌గోస్ 2019లో మూతపడింది. నడిపేవాళ్లకి సమయం చాలలేదు. దాని జనం కలిసి ఎండెవర్‌ఓఎస్ పెట్టుకున్నారు.

డెబియన్‌కి యజమాని లేడు. సుమారు వెయ్యి మంది డెవలపర్లు ఏటా ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. విధాన నిర్ణయాలకూ ఓటింగే. వైఫై చిప్పులకు కావాల్సిన, సోర్స్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో పెట్టాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్టుకుని, 2022లో ఓటేసి పెట్టాలని తేల్చారు. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి కొత్త ల్యాప్‌టాప్‌ల మీద డెబియన్ వేయడం తేలికైంది. ఉబుంటు వెనక దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ కంపెనీ కెనానికల్ ఉంది. దాని నిర్ణయాలు వేగంగా ఉంటాయి, కొన్ని నచ్చవు. 22.04లో ఫైర్‌ఫాక్స్‌ని తన సొంత ప్యాకేజీ పద్ధతి అయిన స్నాప్ రూపంలోనే ఇవ్వడం మీద చాలా రచ్చ జరిగింది. మింట్ అంతకు ముందే, 2020లో, స్నాప్‌ని తలుపు దగ్గరే ఆపేసింది. ఉబుంటు దారి మరీ తప్పితే చేతిలో ఉండనీ అని నేరుగా డెబియన్ మీద ఎల్‌ఎండీఈ అని ఇంకో మింట్‌ని కూడా నడుపుతోంది. ఇవన్నీ డిస్ట్రోల మధ్య కాపురం గొడవల్లా కనిపిస్తాయి కానీ, అప్‌డేట్ రోజున మీ మెషిన్‌లోకి ఏమొస్తుందన్నది తేలేది ఇక్కడే.

పడితే లేచే దారి

ఎంత మంచి డిస్ట్రో అయినా ఏదో ఒక అప్‌డేట్ దగ్గర తడబడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లడానికి దారుందా? టంబుల్‌వీడ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీద స్నాపర్‌తో వస్తుంది. ప్రతి అప్‌డేట్‌కి ముందూ వెనకా సిస్టమ్ స్నాప్‌షాట్ దానంతటదే పడుతుంది. మెషిన్ లేవకపోతే బూట్ మెనూలో నిన్నటి స్నాప్‌షాట్ ఎంచుకుని ఎంటర్ నొక్కడమే. మింట్‌లో అదే పనికి టైమ్‌షిఫ్ట్ ఉంది. ఫెడోరా సిల్వర్‌బ్లూ సిస్టమ్ భాగాన్ని మార్చడానికి వీల్లేకుండా ఒకే ముద్దగా పెడుతుంది. అప్‌డేట్ అంటే పాత ముద్ద పక్కన కొత్త ముద్ద, తేడా వస్తే పాతదాంట్లోకే బూట్ కావచ్చు.

నిక్స్‌ఓఎస్ ఇంకో మెట్టు పైకెళ్లింది. మెషిన్‌లో ఏ ప్యాకేజీలు, ఏ సర్వీసులు, ఏ యూజర్లు అన్నదంతా ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో రాస్తారు. ఆ ఫైలు దాచుకుంటే కొత్త ల్యాప్‌టాప్ మీద అదే సిస్టమ్‌ని మళ్లీ లేపొచ్చు. అయితే నిక్స్ భాష నేర్చుకోవడానికి చాలా సాయంత్రాలు పోతాయి. మీకు పనికొచ్చే మెషిన్ ఒక్కటే ఉంటే అంత శ్రమ గిట్టదు.

తెలుగు పలుకుతుందా?

మనవాళ్లు తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, తెలుగు కీబోర్డు పెట్టుకుని ‘జ్యోత్స్న, రాష్ట్రం, లక్ష్మి’ అని కొట్టి చూడండి. బ్రౌజర్‌లో, లిబ్రేఆఫీస్‌లో ఒత్తులు చక్కగా కూర్చుంటాయి. అవే మాటలు టెర్మినల్‌లో కొట్టండి. చాలా టెర్మినల్స్ అక్షరానికో సమాన గడి అన్న లెక్కతో నడుస్తాయి కాబట్టి ఒత్తులు పక్కకి జారిపోతాయి. తెలుగు ఫైల్ పేర్లతో పనిచేసేవాళ్లు ముందే తెలుసుకోవాలి. తర్వాత ‘సాఫ్ట్‌వేర్’ అని కొట్టండి. ‘ట్’ కింద ‘వ’ ఒత్తు పడకుండా ఆపాలంటే జీరో విడ్త్ నాన్ జాయినర్ కావాలి. మీ లేఅవుట్‌లో అది ఏ మీట మీద ఉందో వెతికి పెట్టుకోండి. ఐబస్‌తో వచ్చే ఎం17ఎన్ పద్ధతుల్లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్, పోతన అన్నీ ఉన్నాయి. డీటీపీ సెంటర్లో ఆపిల్ లేఅవుట్ మీద వేళ్లు అలవాటైనవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సిన పనిలేదు.

అసలు గోడ వేరే చోటుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు, వాటి కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌దే. ఆ ఫైళ్లే బతుకుతెరువైతే లినక్స్‌లోకి పూర్తిగా మారకండి. పక్కన ఒక విండోస్ మెషిన్ ఉంచుకోవాలి, లేదా పాత ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చుకునే పని ముందు పూర్తిచేయాలి.

తెలుగులోనే మొత్తం డెస్క్‌టాప్ ఉండాలన్న ప్రయత్నాలూ జరిగాయి. హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు డిస్ట్రో తెచ్చింది. సీ-డాక్ డెబియన్ మీద తయారుచేసిన బాస్ లినక్స్‌లో తెలుగు సహా భారతీయ భాషలున్నాయి. వాటి కోసం చేసిన అనువాదాలకు, ఫాంట్లకు ఏ డిస్ట్రో అన్న పట్టింపు లేదు. గ్నోమ్‌లోనో లిబ్రేఆఫీస్‌లోనో చేరిన తెలుగు ఏ డిస్ట్రోకైనా చేరుతుంది.

లొంగని పనులు

డిస్ట్రో ఏదైనా తీరని లోట్లు కొన్నున్నాయి. ట్యాలీ విండోస్ ప్రోగ్రాము. అడోబీ ఫొటోషాప్‌కి లినక్స్ వెర్షన్ లేదు. ఇంట్లో పిల్లలు వాలరెంట్ గేమ్ ఆడతారంటే, దాని యాంటీ-చీట్ లినక్స్ మీద నడవదు. కొన్ని ఓటీటీలు లినక్స్ బ్రౌజర్లలో వీడియో నాణ్యత తగ్గించి ఇస్తాయి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ ఉంటే డ్రైవర్ సంగతి ముందు చూసుకోవాలి. ఉబుంటు, మింట్ దాన్ని రెండు క్లిక్కుల్లో వేసిపెడతాయి. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి రిపోజిటరీ కలుపుకోవాలి. పేటెంట్ల గొడవ ఉన్న వీడియో కోడెక్‌లకూ అక్కడ అదే దారి. మీ మెషిన్ 32-బిట్ కాలంనాటిదైతే డెబియన్ 13 నుంచి దానికి ఇన్‌స్టాలర్ రావడం లేదు.

వేసే ముందు...

• డేటా మొత్తం వేరే డిస్కు మీదికి కాపీ చేసి, అక్కడ తెరుచుకుంటోందో లేదో చూడండి.

• విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. పార్టిషన్లూ, సెక్యూర్ బూట్ సెట్టింగులూ ముట్టుకున్నాక విండోస్ అదే అడుగుతుంది.

• ఐఎస్‌ఓ అధికారిక సైట్ నుంచే దించుకుని, ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ సరిపోల్చండి. వీలైతే డిజిటల్ సంతకం కూడా. 2016 ఫిబ్రవరిలో మింట్ సైట్‌నే హ్యాక్ చేసి దొంగ ఐఎస్‌ఓకి లింకు పెట్టారు.

• వెంటాయ్‌తో ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్‌ఓలు పెట్టుకోవచ్చు. ఒక్కోదాంట్లో వైఫై, బ్లూటూత్, కెమెరా, మైకు, ప్రింటర్, రెండో మానిటర్ చూడండి.

• ల్యాప్‌టాప్ మూత మూసి కాసేపాగి తెరవండి. నిద్రలోంచి సరిగ్గా లేవని మెషిన్లు ఎక్కువ విసిగిస్తాయి.

• విండోస్ కూడా ఉంచుకోవాలంటే ఒకే డిస్కుని పంచడంకంటే రెండో ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ వేయడం సుఖం.

ఇక తేల్చేద్దాం

లినక్స్ పుట్టించిన టోర్వాల్డ్స్ ఏళ్లుగా ఫెడోరా వాడుతున్నారు. ఇన్‌స్టాల్‌కి కష్టపడకూడదు, కెర్నల్ పనికి అడ్డు రాకూడదు అన్నదే ఆయన లెక్క. కష్టమైన డిస్ట్రో వాడితేనే నిపుణులు అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నేర్చుకోవాలని ఆర్చ్‌ని చేత్తో ఇన్‌స్టాల్ చేయడం, జెంటూని సోర్స్ నుంచి కంపైల్ చేయడం మంచి చదువు. దాన్ని వర్చువల్ మెషిన్‌లోనో పాత ల్యాప్‌టాప్ మీదో చదువుకోవచ్చు. జీతం తెచ్చే మెషిన్ మీద అక్కర్లేదు.

ఆఫీసు పనికి ఒక్కటే మెషిన్ ఉన్నవాళ్లు డెబియన్ స్టేబుల్ వేసి, పైన ఫ్లాట్‌ప్యాక్ పెట్టుకోండి. ఇంట్లో అందరూ వాడే కంప్యూటరైతే మింట్. కొత్త హార్డ్‌వేర్, ఏడాదికోసారి అప్‌గ్రేడ్‌కి ఒక ఆదివారం ఇవ్వగల ఓపిక ఉంటే ఫెడోరా. ఎప్పుడూ తాజాగా ఉండాలి, పడినా లేవాలి అంటే టంబుల్‌వీడ్. వార్తల పేజీ, స్క్రిప్ట్‌లు చదివే అలవాటున్నవాళ్లకే ఆర్చ్. ఆఫీసు సర్వర్ల సాధన ఇంట్లో చేయాలంటే ఆల్మా, రాకీ ఉన్నాయి. సొంత వాడకానికి 16 మెషిన్ల దాకా రెడ్ హ్యాటే డెవలపర్ చందా ఉచితంగా ఇస్తుంది.

ఒకటి ఎంచుకున్నాక కనీసం ఒక పెద్ద అప్‌గ్రేడ్ దాటేదాకా దాంతోనే ఉండండి. ఆ గండం గడిస్తేనే దాని సత్తా మీకు తెలుస్తుంది. ఈలోగా ఏదైనా లోపం కనిపిస్తే, ఏం చేస్తే ఏం జరిగిందో వివరంగా రాసి బగ్ రిపోర్టు పంపండి. తెలుగులో తప్పు అనువాదం కనిపిస్తే సరిదిద్ది పంపండి. ఎక్స్‌జెడ్ దొంగదారిని పట్టుకున్నది ఏ భద్రతా సంస్థా కాదు, తన పని తను చేసుకుంటూ చిన్న తేడాని వదిలేయని ఒక వాడుకరి. కంప్యూటర్ తెలిసినవాళ్లు లినక్స్‌కి చేయగల సాయమూ అదే. ఏది గొప్ప డిస్ట్రో అని వాదించే సమయంలో ఒక బగ్ రిపోర్టు రాయొచ్చు.